ఏటీవీకి ఎన్ని పళ్ల స్ప్రాకెట్ వేయాలి: పికప్‌కి ఒక లెక్క, స్పీడ్‌కి ఒక లెక్క

ముందు స్ప్రాకెట్‌లో, అంటే ఇంజను పక్కన చైన్‌ను తిప్పే పళ్ల చక్రంలో, ఒక పన్ను తగ్గిస్తే పికప్ పెరుగుతుంది, ఒక పన్ను పెంచితే స్పీడ్ పెరుగుతుంది. ఏ బైకు మెకానిక్‌ని అడిగినా ఇదే చెబుతాడు. అందులో మొదటి సగం దాదాపు ఎప్పుడూ నిజం. రెండో సగం నిజం కావాలంటే ఇంజనులో ఇంకా సత్తువ మిగిలి ఉండాలి. పాలమూరు చెల్కల్లో, నల్గొండ బత్తాయి తోటల్లో తిరిగే 110, 125 సీసీ ఏటీవీల్లో (లావు టైర్ల నాలుగు చక్రాల బండ్లు) చాలావాటికి ఆ మిగులు ఉండదు. వాటికి పన్ను పెంచితే పికప్ పోతుంది, స్పీడూ రాదు. అందుకే స్ప్రాకెట్ కొనేముందు, ఇప్పుడున్న గేరింగ్‌తో ఇంజను ఎక్కడ ఆగిపోతోందో తేల్చుకోవాలి.

ముందుగా మీ బండికి ఈ సంగతి వర్తిస్తుందో లేదో చూసుకోండి. పొలం పనికి వచ్చే పెద్ద 4×4 ఏటీవీల్లో ఎక్కువ భాగం షాఫ్ట్ మీద నడుస్తాయి. వాటికి చైనే ఉండదు కాబట్టి స్ప్రాకెట్ మాట లేదు. పికప్ మార్చాలంటే సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో దానంతటదే రేషియో మార్చుకునే ఏర్పాటు) పుల్లీలోని బరువులు, స్ప్రింగులు చూడాలి. యమహా రాప్టర్ 700, వైఎఫ్‌జెడ్ 450ఆర్ లాంటి స్పోర్ట్స్ ఏటీవీలకూ, రిసార్టుల్లో తిప్పే చిన్న బండ్లకూ చైనే. 150 సీసీ ఆటోమేటిక్ బండ్లు కొన్నింటిలో సీవీటీ బెల్టు, దాని తర్వాత చైన్, రెండూ ఉంటాయి. వాటికి కూడా స్ప్రాకెట్ మార్చవచ్చు. కానీ ఇంజను ఎంత తిరుగుతూ బండిని లాగాలో ప్రధానంగా నిర్ణయించేది సీవీటీ బరువులే, స్ప్రాకెట్ కాదు.

లెక్క

వెనక పళ్లను ముందు పళ్లతో భాగిస్తే ఫైనల్ రేషియో వస్తుంది. రాప్టర్ 700 కంపెనీ నుంచి 14/38తో వస్తుంది. 38ని 14తో భాగిస్తే 2.71. అంటే ముందు స్ప్రాకెట్ 2.71 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ఈ అంకె పెరిగితే లాగుడు పెరుగుతుంది, అదే గేర్లో అదే ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర స్పీడ్ తగ్గుతుంది. అంకె తగ్గితే దీనికి తిరగబడుతుంది.

ఈ 14/38నే పట్టుకుని చూద్దాం. 13/38 వేస్తే 2.92, అంటే లాగుడు 7.7 శాతం ఎక్కువ. 14/40 వేస్తే 2.86, 5.3 శాతం ఎక్కువ. 15/38 వేస్తే 2.53, 6.7 శాతం తక్కువ. 13/36 వేస్తే 2.77, కేవలం 2 శాతం ఎక్కువ. ముందు ఒక పన్ను, వెనక మూడు పళ్లకు దాదాపు సమానమని దీన్నిబట్టి తెలుస్తుంది. పెద్ద మార్పు కావాలంటే ముందుది, చిన్న సవరణ కావాలంటే వెనకది ముట్టుకోవాలి. మూడు శాతం లోపు తేడా నడిపేవాడికి పెద్దగా తెలియదు, వెనక ఒక్క పన్ను కోసం డబ్బు పెట్టకండి.

స్పీడ్ లెక్కకు టైరు చుట్టుకొలత కావాలి. టైరు మీద 18×9.5-8 అని ఉంటే మొదటి 18 టైరు ఎత్తు, అంగుళాల్లో. 18ని 25.4తో, తర్వాత 3.14తో గుణిస్తే 1436 మిల్లీమీటర్లు వస్తాయి. ఏటీవీ టైర్లలో గాలి చాలా తక్కువ పెడతాం కాబట్టి మనిషి కూర్చోగానే అణుగుతాయి. లెక్కను నమ్మకుండా కొలుచుకోవడం మేలు. టైరు మీద సున్నంతో ఒక గీత గీసి, మనిషి ఎక్కి కూర్చున్నాక బండిని గట్టి నేల మీద అయిదు చుట్లు నెట్టండి. ఎంత దూరం జరిగిందో టేపుతో కొలిచి అయిదుతో భాగించండి. 18 అంగుళాల టైరుకు ఇది 1.38 మీటర్ల దగ్గర వచ్చిందని అనుకుందాం.

ఇప్పుడు నాలుగు గేర్ల 125 సీసీ ఇంజను ఒకటి తీసుకుందాం. ప్రైమరీ రేషియో (ఇంజనుకు, గేర్ బాక్సుకు మధ్య పళ్ల నిష్పత్తి) 3.72, టాప్ గేర్ 0.96, స్ప్రాకెట్లు 14/37 అనుకోండి. మొత్తం రేషియో 3.72 × 0.96 × 2.64, అంటే సుమారు 9.44. ఇంజను 7500 తిరిగితే చక్రం నిమిషానికి 795 చుట్లు తిరుగుతుంది. దాన్ని 1.38తో, 60తో గుణించి 1000తో భాగిస్తే గంటకు సుమారు 66 కిలోమీటర్లు. ముందు 13 వేస్తే ఇదే ఆర్‌పీఎం దగ్గర 61, ముందు 15 వేస్తే 70. ఇవన్నీ కాగితం మీద లెక్కలు. 15 వేసినంత మాత్రాన 70 రాదు, ఆ 70 దగ్గర ఇంజను 7500 తిప్పగలిగితేనే వస్తుంది. మీ బండి ప్రైమరీ, గేర్ రేషియోలు మాన్యువల్‌లో ఉంటాయి.

టైరు మార్చినా గేరింగ్ మారినట్టే. 18 అంగుళాల టైరు తీసి 20ది వేస్తే 11 శాతం స్పీడ్ వైపు జరుగుతుంది. స్ప్రాకెట్‌లో ఒకటిన్నర పన్ను పెంచినంత. పెద్ద టైర్లు వేశాక బండి నీరసపడిందని కార్బురేటర్ విప్పేవాళ్లు ఎక్కువ. అక్కడ చూడాల్సింది స్ప్రాకెట్‌ను.

ఇంజను ఎక్కడ ఆగిపోతోంది

చిన్న ఏటీవీలకు ఆర్‌పీఎం మీటరు ఉండదు. ఫోన్‌లో జీపీఎస్ స్పీడ్ చాలు. చదునైన గట్టి దారి, కనీసం నాలుగు వందల మీటర్లు, ప్రైవేటు స్థలంలో చూసుకోండి. రిజిస్ట్రేషన్ లేని ఏటీవీని హైవే మీదకు తీసుకెళ్లకూడదు. హెల్మెట్ పెట్టుకుని, టాప్ గేర్లో రేసు పూర్తిగా ఇచ్చి, ఇంతకంటే పెరగట్లేదు అనేదాకా లాగండి. గాలి ఎటు ఉన్నా సరిపోయేలా రెండు దిక్కులా చేసి సగటు తీసుకోండి.

పై బండికే 58 వచ్చిందనుకోండి. 58ని 0.0828తో (1.38 × 60 ÷ 1000) భాగిస్తే చక్రం నిమిషానికి 700 చుట్లు. దాన్ని 9.44తో గుణిస్తే ఇంజను 6600 దగ్గర ఆగిపోతోందని తెలుస్తుంది. ఆ ఇంజను అసలు బలం 7500 దగ్గర ఉంటే, అది టాప్ గేర్‌ను లాగలేకపోతోందన్నమాట. ఈ బండికి 15 వేస్తే స్పీడ్ ఇంకా పడిపోతుంది. 13 వేస్తే పికప్‌తోపాటు స్పీడ్ కూడా ఒకటి రెండు కిలోమీటర్లు పెరగవచ్చు. మూడో గేర్లో వచ్చే స్పీడ్ నాలుగో గేర్లో వచ్చేదానికంటే ఎక్కువగా ఉందంటే ఈ లెక్కేదీ చేయనక్కర్లేదు, గేరింగ్ బరువెక్కువైందని బండే చెబుతోంది.

అలాగాక టాప్ గేర్లో ఇంజను త్వరగా గీపెట్టి, లిమిటర్ (ఇంజను మరీ వేగంగా తిరగకుండా ఆపే ఏర్పాటు) తగిలి, ఇంకా లాగే సత్తువ ఉన్నా ఆగిపోతుంటే అప్పుడు ముందు ఒక పన్ను పెంచండి. ఇది 400 సీసీ పైబడిన బండ్లలో, అదీ పొడవైన గట్టి దారుల్లో కనిపిస్తుంది. ఈ పరీక్షకు ముందు ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉందో లేదో, బ్రేకులు పట్టుకుని ఉన్నాయేమో చూసుకోకపోతే కొలిచిందంతా వృథా.

నేలను బట్టి

వేసవిలో చెల్క నేల రోడ్డంత గట్టిగా ఉంటుంది. పైన సన్నటి ఎర్ర దుమ్ము, కింద గరుసు. ఇక్కడ టైరు పట్టు బాగానే ఉంటుంది కాబట్టి కంపెనీ గేరింగ్ సరిపోతుంది. సరదాగా తిప్పే బండి అయితే దీన్ని మార్చాల్సిన పని లేదు.

తోట పని వేరు. బత్తాయి సాళ్ల మధ్య మందు డ్రమ్ము, చిన్న ట్రాలీ కట్టుకుని మనిషి నడక వేగంతో పోవాలి. మనిషి నడక గంటకు నాలుగైదు కిలోమీటర్లు. పై లెక్కలో చెప్పిన బండి మొదటి గేర్ (2.83) మీద 3000 ఆర్‌పీఎం దగ్గర 9 కిలోమీటర్ల స్పీడ్‌లో పోతుంది. అంతకంటే నెమ్మదిగా పోవాలంటే క్లచ్ సగం పట్టుకునే ఉండాలి. ఆటోమేటిక్ క్లచ్ ఉన్న బండిలోనైతే, ఆర్‌పీఎం పడిపోయి అదే సగం అందుకుని జారుతూ ఉంటుంది. కాలిన వాసన, నల్లబడిన ఇంజన్ ఆయిల్, నాలుగు నెలలకే క్లచ్ ప్లేట్లు. ఇదంతా స్ప్రాకెట్ తప్పే. ముందు 12 వేస్తే 3000 దగ్గర 7.7కి దిగుతుంది. కొంత నయమే గానీ నడక వేగం ఇంకా రాదు. ఇలాంటి పనికి ముందు తగ్గించడంతోపాటు వెనక 42, 45 దాకా పోక తప్పదు. అప్పుడు టాప్ స్పీడ్ 45, 50 దగ్గర ఆగిపోతుంది. తోటలో అంతకంటే స్పీడ్ ఎవరికీ అక్కర్లేదు.

రేగడి తడిసినప్పుడు అందరూ ఒకే పొరపాటు చేస్తారు. బురదలో లాగుడు ఎక్కువ కావాలి కాబట్టి పళ్లు బాగా తగ్గించి, మొదటి గేర్లో పోతారు. రేగడి మట్టి టైరు గాడుల్లో అతుక్కుంటే టైరు నున్నగా మారిపోతుంది. ఆ మట్టిని విసిరి పారేయాలంటే చక్రం కొంచెం వేగంగా తిరగాలి. మరీ నెమ్మదిగా, మరీ బలంగా తిరిగే చక్రం ఉన్నచోటే గుంట తవ్వుకుంటుంది. గేరింగ్ ఏడెనిమిది శాతం తగ్గించి (అంటే ముందు పన్ను తగ్గించి, ఫైనల్ రేషియో అంకె అంతమేర పెంచి), మొదటి గేర్లో కాకుండా రెండో గేర్లో నిలకడగా రేసు ఇస్తూ పోవడమే రేగడిలో పని చేసే పద్ధతి. గేరింగ్ తగ్గించడం అసలు ఎందుకంటే, రెండో గేర్లో ఇంజను ఉక్కిరిబిక్కిరి కాకుండా ఉండటానికి. కృష్ణ, డిండి పక్కన ఇసుక దుబ్బల్లోనూ ఇదే సూత్రం. ఇసుకలో గేరు మార్చే క్షణంలో బండి కూరుకుంటుంది కాబట్టి, ఒకే గేర్లో ఎక్కువ దూరం లాగేలా గేరింగ్ కుదరాలి. రెండో గేర్ మరీ త్వరగా అయిపోతోంటే పళ్లు ఎక్కువ తగ్గించేశారన్నమాట.

రాతి గుట్టల మీద ఎక్కడానికి చిన్న గేరింగ్ ఎంత మేలో, దిగడానికి అంతకంటే మేలు. మొదటి గేర్లో ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకు మీద భారం తగ్గుతుంది. కానీ నిటారు ఎక్కుడులో 10 శాతం పైగా తగ్గించిన బండికి రేసు ఒక్కసారిగా ఇస్తే ముందు చక్రాలు లేస్తాయి. ఏటీవీ వెనక్కి తిరగబడితే మనిషి మీదే పడుతుంది. గేరింగ్ మార్చిన కొత్తలో చదునులో రేసు అలవాటు చేసుకున్నాకే గుట్ట ఎక్కాలి. అన్నట్టు, గుట్టలంటే నల్లమల కాదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఏటీవీ తిప్పడం గేరింగ్‌తో తీరే సమస్య కాదు.

ఎండాకాలం 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం గాలితో చల్లబడే ఇంజను గురించి ఒక మాట. బరువు లాగే పనిలో గేరింగ్ తగ్గిస్తే ఇంజను తేలిగ్గా తిరుగుతుంది, వేడి తగ్గుతుంది. అదే గేరింగ్‌తో గట్టి దారిలో అరగంట ఫుల్ రేసు మీద పోతే వేడి పెరుగుతుంది, ఆయిల్ త్వరగా పాడవుతుంది. రెండు పనులూ చేసే బండికి ఆయిల్ మార్పు గడువు తగ్గించుకోవాలి.

ముందుదా, వెనకదా

బైకుకైతే ఏది మార్చినా పెద్ద తేడా లేదు. ఏటీవీకి ఉంది. ఏటీవీ వెనక ఇరుసు ఒకటే కడ్డీ, స్ప్రాకెట్ దాని మధ్యలో, నేలకు దగ్గరగా వేలాడుతుంది. 428 చైన్‌కు 37 పళ్ల స్ప్రాకెట్ వ్యాసం దాదాపు 150 మిల్లీమీటర్లు, 45 పళ్లది 182. అంటే నేలకు, చైన్‌కు మధ్య ఎత్తు 16 మిల్లీమీటర్లు తగ్గిపోతుంది. రాళ్ల నేలలో ఆ తేడాకే స్ప్రాకెట్ బండకు తగిలి పళ్లు వంగుతాయి, చైన్ తెగుతుంది. వెనక పెద్దది వేస్తే కింద ఇనుప గార్డు తప్పనిసరి.

ముందు చిన్నది వేస్తే ఎత్తు తగ్గదు, ఖర్చూ తక్కువే. కానీ దానికీ హద్దు ఉంది. 14 పళ్ల మీద ప్రతి లింకూ 25.7 డిగ్రీలు వంగుతుంది, 12 పళ్ల మీద 30. చైన్ పిన్నులు త్వరగా అరుగుతాయి. చైన్ కిందికి దిగి, స్వింగ్ ఆర్మ్ (వెనక ఇరుసును పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయి) మీది ప్లాస్టిక్ పట్టీని కోస్తుంది. వీలైనంతవరకు 13 కంటే కిందికి పోకండి. 12 వేయాల్సి వస్తే పట్టీని ప్రతి నెలా చూసుకోండి. అందుకే క్రమం ఇలా ఉండాలి: మొదట ముందు ఒక పన్ను మార్చి నడిపి చూడటం, అది చాలకపోతే వెనక రెండు మూడు పళ్లు కలపడం. రెండూ ఒకేసారి మారిస్తే ఏది ఎంత పని చేసిందో తెలియదు.

సామాను కొనేటప్పుడు

చైన్ సైజు లింకు పక్కన కొట్టి ఉంటుంది. 420, 428 రెండింటికీ పిచ్ (పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు దూరం) 12.7 మిల్లీమీటర్లే, వెడల్పు వేరు: 420కి లోపల 6.35, 428కి 7.94. చిన్న ఏటీవీల్లో గందరగోళం ఇక్కడే. 428 స్ప్రాకెట్ మీద 420 చైన్ కూర్చోదు, అది వెంటనే తెలిసిపోతుంది. 420 స్ప్రాకెట్ మీద 428 చైన్ కూర్చుంటుంది, బాగానే ఉన్నట్టు తిరుగుతుంది, పక్కలకు ఊగుతూ నెలలోనే పళ్లను తినేస్తుంది. 520 పిచ్ 15.875, వెడల్పు 6.35. స్పోర్ట్స్ ఏటీవీలకు ఎక్కువగా ఇదే.

428 చైన్ నల్గొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా ఏ బైకు స్పేర్ల షాపులోనైనా దొరుకుతుంది. స్ప్రాకెట్ విషయంలో మాత్రం పాతది విప్పి చేతిలో పట్టుకెళ్లండి. ముందుదానికి లోపలి గాడుల సంఖ్య, షాఫ్ట్ లావు, లాక్ ప్లేటు రంధ్రాల దూరం కలవాలి. వెనకదానికి మధ్య రంధ్రం, బోల్టుల మధ్య దూరం కలవాలి. కలవని వెనక స్ప్రాకెట్‌ను లేత్ మీద రంధ్రం పెద్దది చేసి, లేదా పాత హబ్‌కు వెల్డింగ్ పెట్టి ఇచ్చేవాళ్లుంటారు. అర మిల్లీమీటరు మధ్యకు తప్పినా చైన్ ఒకచోట బిగుసుకుని, ఇంకోచోట వదులవుతుంది. అలాంటిది ఎంత చవకైనా వద్దు.

పాత చైన్ ఉంచాలా మార్చాలా అన్నది కొలిచి చూడండి. చైన్‌ను బిగువుగా లాగి 20 లింకుల పొడవు పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు కొలవండి. కొత్త 428కి 254 మిల్లీమీటర్లు, 520కి 317.5. 428 పొడవు 258 దాటినా, 520 పొడవు 323కి చేరినా చైన్ అయిపోయింది. అలాంటి చైన్ కొత్త స్ప్రాకెట్‌నూ పాడు చేస్తుంది.

బిగింపు

ముందు స్ప్రాకెట్ నట్టును చైన్ ఉండగానే, వెనక బ్రేకు ఒకరు తొక్కి పట్టుకోగా వదులు చేయండి. చైన్ తీసేశాక ఆ నట్టు తిరగదు, షాఫ్టే తిరుగుతుంది. పెద్ద నట్టున్న బండ్లలో దాని కింది వాచర్ అంచు మడిచి ఉంటుంది, ముందు దాన్ని ఉలితో విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు కొత్త వాచర్ వేసి మళ్లీ మడవండి. చిన్న బండ్లలో రెండు 6 మిల్లీమీటర్ల బోల్టులతో లాక్ ప్లేటు ఉంటుంది. వాటికి 10 న్యూటన్ మీటర్లు చాలు, బలం కొద్దీ తిప్పితే మర పోతుంది.

చైన్ పొడవు ముందే లెక్కేసుకోవచ్చు. వెనక ఒక పన్ను పెంచితే 428 చైన్ ఉన్న బండిలో ఇరుసు సుమారు 3.5 మిల్లీమీటర్లు ముందుకు రావాలి, 520లో 4. ముందు ఒక పన్ను తగ్గిస్తే దాదాపు 3 మిల్లీమీటర్లు వెనక్కి పోవాలి. అడ్జస్టర్‌లో అంత చోటు లేకపోతే లింకులు కలపాలి లేదా తీయాలి. చైన్‌లో లింకులు ఎప్పుడూ జతలుగానే తీయగలం.

ఇరుసు పట్టుకున్న క్యారియర్ బోల్టులు వదులు చేసి చైన్ సర్దండి. చైన్ లాకు క్లిప్పు మూసి ఉన్న కొస బండి ముందుకు పోయేటప్పుడు చైన్ కదిలే దిక్కుకు ఉండాలి. తిప్పి పెడితే రాయికో కొమ్మకో తగిలి ఊడిపోతుంది. వెనక స్ప్రాకెట్ బోల్టులకు మర జిగురు రాసి, ఎదురెదురు బోల్టుల వరుసలో బిగించండి. 8 మిల్లీమీటర్ల బోల్టులైతే 25 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. ముందు, వెనక స్ప్రాకెట్లు ఒకే గీతలో ఉన్నాయో లేదో దారం లాగి చూడండి.

చైన్ లూజును మనిషి కూర్చున్నాక చూడాలి. ఏటీవీ వెనక భాగం దిగినప్పుడు చైన్ బిగుసుకుంటుంది. బండిని నెడుతూ చైన్ ఎక్కడ ఎక్కువ బిగువుగా ఉందో వెతికి, అక్కడ కింది వరుస మధ్యలో పైకీ కిందికీ 30 మిల్లీమీటర్ల కదలిక ఉండేలా సర్దండి. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే లెక్క. బిగువెక్కువైతే ముందు షాఫ్ట్ బేరింగ్, ఆయిల్ సీలు పోతాయి, కారే ఆయిల్ స్ప్రాకెట్ కవర్ కింద కనపడుతుంది.

వాడేసిన ఇంజనాయిల్ చైన్‌కు పోయకండి. ఎర్ర దుమ్ము దానికి అంటుకుని గరుకు ముద్దగా మారి పళ్లను సాన పడుతుంది. కిరోసిన్‌తో తుడిచి, 90 నంబరు గేర్ ఆయిల్ పలచగా రాసి, పదిహేను నిమిషాల తర్వాత పైపూత తుడిచేయండి. ఓ-రింగ్ చైన్‌కు (లింకుల మధ్య రబ్బరు రింగులున్నది) పెట్రోలు, ఇనుప బ్రష్ తగలనివ్వకండి.

స్పీడోమీటర్ కేబుల్ ముందు చక్రం నుంచి వచ్చే బండిలో మీటరు మారదు. గేర్ బాక్సు దగ్గర సెన్సర్ ఉన్న బండిలో, ముందు పన్ను తగ్గిస్తే మీటరు నిజం కంటే ఎక్కువ చూపుతుంది. 14 నుంచి 13కి మారిస్తే మీటరు 60 అన్నప్పుడు నిజంగా పోయేది 56 దగ్గర. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత వెనక స్ప్రాకెట్ బోల్టులు, క్యారియర్ బోల్టులు, చైన్ లూజు మళ్లీ చూడండి. కొత్త చైన్ ఆ కొద్ది దూరంలోనే ఎక్కువగా సాగుతుంది.